చుక్కలు ఎండేదాకా

కిటికీలో మళ్ళీ ఆ మొహం!

శ్రీవాణి చేతిలో సిరంజి ఆగిపోయింది. తలెత్తి చూసింది. యాభై దాటిన మనిషి, గడ్డం నిండా రాతిపొడి. బల్ల వైపు తేరిపార చూసి, చటుక్కున పక్కకు తప్పుకున్నాడు.

"సిగ్గూ శరం లేని ముసలోడు," అని పళ్ళు నూరింది.

నంద్యాలలో ఆ కాలేజీ ల్యాబును ఆనుకుని కొత్త భవనం కడుతున్నారు. దాని స్తంభాలు చెక్కడానికి ఆళ్ళగడ్డ నుంచి రాతి పనివాళ్ళు వచ్చారు. వాళ్ళ మేస్త్రీ ఇతను. పేరు పౌలు.

శ్రీవాణిది రీసెర్చి. చేమ ఆకు మీద నీటిబొట్టు అంటకుండా గుండ్రంగా నిలబడుతుంది చూడండి, అలా నీళ్ళు అంటని పూత పూసిన గాజు పలక మీద చుక్కలు పెడుతుంది. చుక్క నిండా కంటికి ఆనని నానో రేణువులు. నీరు మెల్లగా ఆరేకొద్దీ ఆ రేణువులు ఒకదాని పక్కన ఒకటి వరుస కట్టి, చివరికి పావురం మెడలా రంగులు మెరిసే పూస మిగులుతుంది. కుదిరితేనే. కుదరకపోతే తెల్లటి సున్నం బెడ్డ.

మొదట్లో అన్నీ సున్నం బెడ్డలే. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ఏమైందో ఏమో, పూసలు రావడం మొదలైంది. అంతా తన కొత్త పూత మహిమేనని గైడు ముందు గొప్పలు పోయింది.

ఆయన నమ్మలేదు. బయటి నుంచి పరీక్షాధికారిని పిలిపించాడు. రేపు ఆయన కళ్ళెదుట పూస రాకపోతే ఫెలోషిప్ రద్దు. చదువు అక్కడితో సరి.

ఇంత గుబులులో ఈ ముసలోడొకడు! సిరంజి పక్కన పడేసి విసురుగా బయటికొచ్చింది.

"మహేషన్నా! ఈయప్ప దినామూ పని ఇడిసిపెట్టి నా కిటికీలోకి తొంగిజూస్తాండాడు!"

కాంట్రాక్టరు మహేష్‌కు అంతే చాలు.

"ఓహో! మద్దేనమైతే మీ సుత్తి మోత యినపడదేందిరా అనుకుంటాంటి. ఇదా నీ కథ?"

"కాదయ్యా... పాపా, నేను ఎందుకు చూసినానంటే..."

చెంప ఛెళ్ళుమంది. తలపాగా ఊడి మట్టిలో పడింది. చదువుకున్న పిల్ల వేలు చూపించాక రాళ్ళు కొట్టేవాడి మాట ఎవడు వింటాడు?

శ్రీవాణికి కడుపు చల్లబడింది.

"ఇంకోటి తగిలియ్యన్నా, బుద్ధొస్తాది," అంది.

మహేష్ ఆమె మాట కాదనలేదు. కూలీలందరి ముందూ రెండో చెంపా వాయించి, "నడువ్! మళ్ళా ఈడ కనపడితే కాళ్ళిరగ్గొడతా," అన్నాడు. మిగతావాళ్ళ వైపు తిరిగి, "రేపట్నుంచి ఎవుడు సుత్తి ఆపినా వానికీ ఇదే మర్యాద," అన్నాడు.

పౌలు తలపాగా దులుపుకుని, ఉలీ సుత్తీ సంచిలో వేసుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా ఆళ్ళగడ్డ బస్సెక్కాడు.

పీడ విరగడైందని ఆ రాత్రి శ్రీవాణి హాయిగా నిద్రపోయింది.

మరునాడు మధ్యాహ్నం, కూలీల అన్నాలు అయ్యే వేళకు పరీక్షాధికారి బల్ల ముందు కుర్చీ వేసుకున్నాడు. శ్రీవాణి చుక్కలు పెట్టింది. ఒక్కటీ పక్కకు జారలేదు. అంచుల్లో అప్పుడే లేత రంగు తేలుతోంది. ఊపిరి బిగబట్టి చూస్తోంది.

ఠణ్!

బల్ల అదిరింది. ఒక చుక్క దొర్లి పక్క చుక్కలో కలిసిపోయింది.

ఠణ్! ఠణ్!

చివరికి మిగిలిన సున్నం బెడ్డలను పరీక్షాధికారి భూతద్దంతో చూశాడు.

"ఇంతకుముందు చూపించినవి ఎవరివమ్మా?" అన్నాడు.

దొంగను అడిగినట్టే అడిగాడు. జవాబు కోసం ఆగలేదు కూడా. కాగితం మీద ఒక గీత గీసి వెళ్ళిపోయాడు.

శ్రీవాణి ఏడుస్తూ బయటికి ఉరికింది.

"ఆపండి! నా బతుకు నాశనం చేసినారు గదా! ఇన్ని దినాలు ఈ యాళకు లేని మోత ఈపొద్దు యాడ్నుంచి వచ్చె?"

రాళ్ళు మోసే జీవమ్మ నెత్తి మీది తట్ట దించింది.

"మా సుత్తి దెబ్బకు నీ చుక్కలు దొర్లేదీ, నువ్వు ఏడ్సేదీ ఒగ దినం చూసినాడంట పాపా. ఆపొద్దు నుంచి దినామూ కిటికీలో తొంగిజూసి, నువ్వు చుక్కలు పెట్టంగానే, 'సుత్తులు ఆపండ్రా, రాయి యాడికీ పోదు, ఆ పాప చుక్కలు ఎండనీండి' అని మమ్మల్ని కూసోబెట్టింది, నిన్న నువ్వు కొట్టిచ్చి తరిమిచ్చిన పౌలన్నేనమ్మా."