సోమవారం పువ్వులు

"తలుపు తీయకు. మా తమ్ముడెంత కంగారు పడతాడో నీ చెవులతోనే విను," అంటూ పెద్దావిడ పక్కింటావిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

బెల్ మళ్లీ మోగింది. గుండె జబ్బుతో ఒంటరిగా ఉంటున్న అక్కకి తమ్ముడు ప్రతి సోమవారం పువ్వులు పంపిస్తాడు. ఆమె చేతికే ఇవ్వాలనీ, తలుపు తీయకపోతే వెంటనే తనకి ఫోన్ చేయాలనీ పువ్వులమ్మాయికి మరీ మరీ చెప్పాడు.

"వాడు నన్ను పట్టించుకోడంటావు కదా. ఇంట్లో తాజా పువ్వులుంటే ఆయుష్షు పెరుగుతుందట. అందుకే పంపుతున్నాడు, పిచ్చి వెధవ," అంది పెద్దావిడ మురిపెంగా.

బయట పువ్వులమ్మాయి బుట్టని చంకలో ఇరికించుకుని, ఫోన్‌ని కిటికీ గట్టు మీద పెట్టి స్పీకర్ నొక్కింది.

"సార్, మీ అక్కగారు తలుపు తీయడం లేదు. నాలుగుసార్లు బెల్ కొట్టాను."

అవతలి నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"లోపల అలికిడేమైనా ఉందా?"

"లేదు సార్."

"అయితే పువ్వులు నువ్వే తీసుకెళ్లిపో. వచ్చే వారం నుంచి అక్కర్లేదు." ఫోన్ పెట్టేయడం మరిచిపోయి, అతను భార్యని కేకేశాడు. "ఏమే, ఇక ఆ ఇల్లు మనదే. గోడలకి ఏ రంగు వేయిద్దామో తేల్చుకో."

పక్కింటావిడ తల దించుకుంది. పెద్దావిడ జుట్టు సవరించుకుని తలుపు తీసింది. బుట్ట అందుకుని ఫోన్ దగ్గరికి వంగింది.

"ఒరేయ్, పువ్వులు భలే పనిచేస్తున్నాయిరా. ఇక నుంచి వారానికి రెండుసార్లు పంపు."