ఫొటో లేనివాళ్ళు

"ఫొటో ఉందా?" అన్నాడు గోవర్ధనరావు.

"లేదు బాబుగారూ. ఐదేళ్ళ పిల్లోడు. ఆ రోజుల్లో మా పల్లెలో ఫొటోలెక్కడియ్యి?" అంది వీరలక్ష్మి. "మా తమ్ముడు. అంజి. పేరైనా ఆ ఫ్లెక్సీ మీద రాయించండి."

గోవర్ధనరావుకు విసుగొచ్చింది. చల్లపల్లి నుంచి పొద్దున్నే పడుతూ లేస్తూ ఈ సముద్రపొడ్డు పల్లెకు వచ్చాడు. ఉప్పెన మృతుల సంస్మరణ సంఘానికి అధ్యక్షుడు మరి. డెబ్భై ఏడు నాటి ఉప్పెనలో ఆయన తాలూకు వాళ్ళెవరూ పోలేదు గానీ, వచ్చే ఎన్నికల్లో టికెట్టు మాత్రం రావాల్సి ఉంది.

వేదిక వెనక ఈ చివర నుంచి ఆ చివరకు ఫ్లెక్సీ. పైన నల్లటి అక్షరాలతో 'ఉప్పెన మృతులకు కన్నీటి నివాళి'. దాని కింద నమస్కారం పెడుతూ గోవర్ధనరావు. ఆయనకు అటూ ఇటూ ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, వాళ్ళ బావమరుదులు. మొత్తం పదకొండు మొహాలు. పోయినవాళ్ళ పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

"నా చేతిలోంచే జారిపోయాడు బాబుగారూ. ఇప్పటికీ పిడికిలి బిగించుకునే నిద్రపోతా." "ఏటా ఈ రోజున వాడి పేరు చెప్పి సముద్రంలో దండ వదులుతాం. ఈసారి అటు ఎవరూ పోవద్దన్నారంట?"

"మీరంతా అటు పోతే ఇక్కడ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? బందరు నుంచి ముఖ్య అతిథి వస్తున్నారు."

"మరి ఈ దండ వాడికెక్కడ వెయ్యను?"

"దండ వెయ్యాలంటే ఫొటో ఉండాలమ్మా! ఫొటో లేకుండా దండేంటి?" అనేసి గోవర్ధనరావు ఫొటోగ్రాఫర్ విల్సన్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, డ్రోను ఎగురుతుందా?"

వీరలక్ష్మి బంతిపూల దండ ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. అందరి ఒళ్ళలోనూ దండలే ఉన్నాయి.

ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. శాలువాలు కప్పారు. గోవర్ధనరావు మైకు అందుకుని ఉప్పెన గురించి మూడు ముక్కలు, తన గురించి ముప్ఫై ముక్కలు మాట్లాడాడు. చివర్లో గొంతు బొంగురు చేసుకుని, "ఇప్పుడు అందరం లేచి, కళ్ళు మూసుకుని మౌనం పాటిద్దాం. అందరూ రెండు నిమిషాలు పాటిస్తారు. మనం ఐదు నిమిషాలు!" అన్నాడు. డ్రోనుకు ఆ మాత్రం టైము కావాలని విల్సన్ ముందే చెప్పాడు.

వేదిక మీద అందరూ జనం వైపు తిరిగి కళ్ళు మూశారు. గోవర్ధనరావు అందరికంటే గట్టిగా మూశాడు. ఆ చీకట్లో ఆయనకు కనిపించింది పోయినవాళ్ళు కాదు, పార్టీ ఆఫీసు. వెనక ఏవో అడుగుల చప్పుళ్ళు, గాజుల గలగలలు. జనం కదిలిపోతున్నారనుకున్నాడు. అగరొత్తుల వాసన గుప్పుమంది. ఏర్పాట్లు దివ్యంగా ఉన్నాయని మురిసిపోయాడు.

ఐదు నిమిషాలయ్యాక కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఆడవాళ్ళంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఏడుస్తున్నారు కాబోలనుకున్నాడు. విల్సన్ కెమెరా దించేసి, ఆయన వెనక్కి గుడ్లప్పగించి చూస్తున్నాడు.

గోవర్ధనరావు తిరిగి చూశాడు.

పదకొండు మొహాలకూ పదకొండు దండలు వేలాడుతున్నాయి. గాజులకు ఉండే పిన్నీసులు తీసి ఒద్దికగా గుచ్చారు. అందరికంటే పెద్ద దండ మధ్యలో గోవర్ధనరావుకే పడింది. నుదుటన బొట్టు కూడా పెట్టారు. కింద కొబ్బరికాయ, అగరొత్తులు. పైన కన్నీటి నివాళి ఎలాగూ ఉంది. అలికిడికి తిరిగిన ముఖ్య అతిథి, అలవాటుకొద్దీ ఆ ఫొటోకు చేతులు జోడించేశాడు.

"ఎవరు? ఎవరు చేశారీ పని?" గోవర్ధనరావు అరిచాడు.

వేదిక మెట్ల దగ్గర వీరలక్ష్మి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"దండెయ్యాలంటే ఫొటో ఉండాలన్నారు గదా బాబుగారూ. పల్లెంతా వెతికాం. ఉన్నయ్యి ఇయ్యే!"