నాలుగు నొక్కండి

బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన మరుసటి ఏడాది సంగతి.

గవర్నర్‌పేటలో ఓ పాత బిల్డింగు. మోకాళ్ళకి వ్యాయామం చేయించే డాక్టరు నాలుగో అంతస్తులో ఉంటాడు. మోకాళ్ళ డాక్టరు అంత పైన ఎందుకున్నాడో ఎవరికీ తెలియదు. లిఫ్టుంది గనక సరిపోయింది.

లిఫ్టు పక్కన స్టూలు మీద సంజీవరావు. చేతిలో టీ గ్లాసు. లిఫ్టుకి కటకటాల తలుపు, మహా బరువు. ఎవరైనా వస్తే తలుపు లాగుతాడు. లోపలికి పంపి మూస్తాడు. ఏ అంకె నొక్కాలో చెబుతాడు. పైన మళ్ళీ తలుపు లాగాలి గదా, మెట్ల మీద పరిగెత్తి ముందే చేరుకుంటాడు. లోపల నలుగురికే చోటు, తను ఎక్కితే ఒకరు ఆగాలంటాడు. మంచివాడని బిల్డింగంతా పేరు.

చల్లపల్లి నుంచి వెంకటరత్నమ్మ రావడం అది మూడోసారి. మోకాలి ఆపరేషనై నెల దాటింది. ఇంకా ఆలస్యం చేస్తే కాలు బిగుసుకుపోతుందని, ఆపైన తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు ఫోన్‌లో గట్టిగానే చెప్పాడు. మెట్లెక్కే శక్తి లేదు. లిఫ్టంటే భయం.

అసలు భయం లిఫ్టంటే కాదు. ఆమధ్య ఎక్కడో లిఫ్టులో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, పోయాననుకుంది. పరీక్షలన్నీ చేసి గుండె రాయిలా ఉందన్నారు. ఆ దడ మళ్ళీ వస్తుందని భయం. వచ్చింది కూడా. ఇక్కడికొచ్చిన రెండుసార్లూ, దడొచ్చిందని సంజీవరావు చేత తలుపు తీయించుకుని, ఒకటో అంతస్తులోనే దిగిపోయి, గోడ పట్టుకుని కిందికొచ్చి, చల్లపల్లి బస్సెక్కింది.

"ఇది మధ్యలో ఆగుతుందా బాబూ?" అనడిగింది.

"ఒక్కసారే ఆగిందమ్మా. వరదప్పుడు, కరెంటు పోయి. రెండు గంటలు."

"లోపలెవరన్నా ఉన్నారా?"

"ఉన్నాడొకడు."

"బతికాడా?"

"నిక్షేపంలా ఉన్నాడు. టీలు తాగుతున్నాడు."

ఆవిడ నవ్వలేదు. తనతోపాటు లోపలికి రమ్మంది. సంజీవరావు గ్లాసు కింద పెట్టాడు.

"నేనొస్తే, నేనుండబట్టి బతికాననుకుంటారు. ఇన్నాళ్ళూ దిగిపోబట్టి బతికాననుకున్నారు గదా, అట్లాగే. దిగకపోయినా బతుకుతారని మీకు తెలిసేదెప్పుడు? దడ వస్తే రానీయండి. నాలుగు నొక్కండి."

ముందు ఆవిడ తన కర్ర లోపల పెట్టింది. తర్వాత తనూ ఎక్కింది. తలుపు మూసి అతను మెట్ల మీద పరుగు.

ఒకటి దాటింది. రెండు దగ్గర లోపల్నుంచి దేవుళ్ళ పేర్లు వినబడ్డాయి. మూడు దగ్గర సంజీవరావుని తిట్టడం మొదలైంది. ఆ తర్వాత చప్పుడు లేదు.

నాలుగులో తలుపు లాగాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"వచ్చింది బాబూ. పీక దాకా వచ్చింది. దానంతటదే పోయింది."

అతనికి ఒకటే ఆయాసం.

"ఇంత సంగతి నీకెవరు చెప్పారు?" అంది. అతను నుదురు తుడుచుకున్నాడు. "నాకంటే నీకే చెమటలెక్కువ పట్టాయి" అని, కర్ర టకటకలాడించుకుంటూ డాక్టరు గదికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే, బిల్డింగులోకి ఎవరూ రాకముందు, సంజీవరావు స్టూలు గోడకి జరిపి, వరదనాడు తాను రెండు గంటలు ఇరుక్కున్న ఆ లిఫ్టులోకి, మళ్ళీ మొదటిసారిగా ఎక్కి, నాలుగు నొక్కాడు.