బావ ఎంచుకున్న వైపు

ఇదొక కథా అని రాయకుండా వదిలేద్దామనుకున్నాను గానీ, మా బావ పాండిత్యం వృథా కాకూడదు కదా.

మంచుకొండలు విమానానికి ఎడమవైపే వస్తాయని తేల్చడానికి ఆయన నెల్లాళ్లు మ్యాపులు తిరగేశాడు. మా చెల్లెల్ని చేసుకునేముందు కూడా ఇంత విచారించలేదు. కిటికీ సీటు ఆయనది, మధ్యది చెల్లెలిది, ఈ చివరిది నాది.

"కాసేపు నన్నూ చూడనివ్వండి," అంది చెల్లెలు.

"నీకేం తెలుస్తుంది? వచ్చినప్పుడు నేను చెప్తాగా."

భోజనం కాగానే ఆ మహానుభావుడు గుర్రు పెట్టాడు.

కొండలొచ్చాయి. చెల్లెలు ఆయన మీదుగా వంగి, చివరి కొండ దాటేదాకా రెప్పవేయకుండా చూసి, కిటికీ మూసేసింది.

బావ ఉలిక్కిపడి లేచాడు. "కొండలొచ్చాయా?"

"ఇంకా రాలేదండీ."

నేనూ తలూపాను.

బావ కిటికీ తెరిచి, విమానం దిగేదాకా సముద్రానికి కాపలా కాశాడు.