పేరుకోని సముద్రం

“సముద్రం పేరుకోలేదు నాన్నా.”

పాప గాజుగిన్నెను కాస్త వంచి చూపింది. నీలిరంగు కలిపిన జెలటిన్ నీళ్లలా కదిలింది. మధ్యలో ఈదుతున్నట్టు నిలవాల్సిన ప్లాస్టిక్ చేపలు అడుగున పడి ఉన్నాయి. గంటలో దాన్ని బడిలో చూపించాలి.

పాపకు జడ వేస్తున్న మేనత్త పెదవి విరిచింది. “కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మహానుభావుడు గిన్నెడు నీళ్లు గడ్డకట్టించలేకపోయాడు. వీడి దగ్గర చదివే పిల్లల్ని దేవుడే కాపాడాలి.”

ఆమె తమ్ముడు చెంచాతో కొంచెం తీసుకుని రుచి చూశాడు. ఒక్క క్షణం అక్క వైపు చూశాడు.

“పొడి తక్కువ వేశానమ్మా. తప్పు నాదే.”

“చిన్నప్పుడూ ఇంతే. వీడు చెయ్యి పెట్టిన పని ఒక్కటైనా తిన్నగా అయిందా?”

రబ్బరు బ్యాండు కోసం బల్ల మీద వెతుకుతుంటే జెలటిన్ పొట్లం ఆమె చేతికి తగిలింది. తాజా అనాసరసం కలిపితే పేరుకోదని దాని వెనక రాసి ఉంది.

నిన్న సాయంత్రం తమ్ముడు ఫోన్‌లో ఉండగా, చప్పగా ఉంటే పిల్ల ఎలా తింటుందని, చల్లారుతున్న గిన్నెలో రెండు గరిటెల అనాసరసం పోసింది తనే. ఇందాక వాడు రుచి చూశాడు. వాడికి తెలిసిపోయింది.

“నువ్వన్నది నిజమే అత్తయ్యా,” అంది పాప విసుగ్గా. “నాన్నకి ఏదీ చేతకాదు.”

తమ్ముడు తలవంచుకుని గిన్నె కడగడానికి లేచాడు.

“అది అక్కడ పెట్టరా.” ఆమె పాపను తన వైపు తిప్పుకుంది. “మీ నాన్న సరిగ్గానే చేశాడే. అందులో అనాసరసం పోసి చెడగొట్టింది నేను. గిన్నె పట్టుకుని పద, మీ టీచరుకు కూడా నేనే చెబుతాను.”