తాటిపాకలో కొర్యో

"కాలు దించకురా, దించకు!"

తనకి తనే చెప్పుకుంటూ వరప్రసాదం మోకాలి ఎత్తున ఒక తన్ను తన్ని, అదే కాలు నేలకి ఆనకుండా ముఖమెత్తున ఇంకోటి తన్నేడు. తూలి, నిలదొక్కుకుని, వెనక్కి తిరిగి చూసేడు. నాలుగడుగుల వెనక కొరియా గురువు పాక్ గారు కూడా అచ్చం అలాగే తన్ని, ఒంటికాలి మీద కొంగలా ఊగుతున్నారు.

"ఎంత పెద్ద మనసు! నేనెక్కడ తూలేనో తనే తూలి చూపిస్తున్నారు," అనుకున్నాడు వరప్రసాదం.

వరప్రసాదం కొత్తపేట దగ్గర బళ్ళో డ్రిల్లు మేష్టారు. నల్లబెల్టులో మొదటి మెట్టు ఎక్కేడు. చర్చి వెనక ఖాళీ స్థలంలో ఇరవైముగ్గురు కూలీల పిల్లలకి తైక్వాండో అనే కొరియా తన్నుల విద్య నేర్పుతున్నాడు. నేర్పితే సరిపోదు, కొత్తగా చేరినవాడి తెల్లబెల్టు దగ్గర్నుంచి వాళ్ళకి బెల్టు కట్టే హక్కుండాలి. అది రెండో మెట్టు ఎక్కినవాడికే ఉంటుంది. ఆ మెట్టు ఎక్కాలంటే కొర్యో అనే వరస రావాలి. ముప్ఫై కదలికలు, మధ్యలో ఆగకూడదు.

నేర్పమని పట్నంలో తైక్వాండో సంఘం పెద్దలు ముగ్గురి దగ్గరికీ వెళ్ళేడు. కూర్చోమని కూడా అనలేదు.

"పొలం గట్ల మీద తిరిగేవాళ్ళకి కొర్యో ఎందుకయ్యా? అంత సరదాగా ఉంటే కొరియావాణ్ణి పట్టుకో, పో."

తల దించుకుని బస్సెక్కేస్తాడనుకున్నారు. వరప్రసాదం బస్సెక్కేడు గానీ తల దించలేదు. తాటిపాక చమురు బావుల క్యాంపులో జీపు తోలే సూరిబాబుని పట్టుకున్నాడు.

"కొరియా ఆయనొకరున్నారండి, ఆయ్. గొట్టాలకి వెల్డింగు పెట్టడానికి వచ్చేరు. పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తారండి."

"నాకు నేర్పుతారంటావా?"

"అడిగి చూద్దారండి. ఆయనకి తెలుగు రాదు, నాకు కొరియా రాదు. చేతులున్నాయి కదండి!"

ఆ చేతులతోనే సూరిబాబు గాలిలో ఓ గుద్దు గుద్ది, ఓ తన్ను తన్ని, ఇద్దర్నీ మార్చి మార్చి చూపించేడు. పాక్ గారి మొహం వెలిగిపోయింది. నడుం దాకా వంగి దణ్ణం పెట్టేరు. గురువే ముందు వంగితే ఎలాగని వరప్రసాదం ఇంకా కిందకి వంగేడు. పాక్ గారు ఇంకా కిందకి.

"చాలండి బాబూ, ఇద్దరూ కాలవలో పడతారు!" అన్నాడు సూరిబాబు.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే కొబ్బరితోటలో పాఠం. ఎవరో ఇచ్చిన సైక్లోస్టైలు కాగితాల్లో బొమ్మలు చూసి వరప్రసాదం ముందు నిలబడి చేసేవాడు. పాక్ గారు వెనక నిలబడి చేసేవారు. ఒక్క కసురు లేదు. అప్పుడప్పుడు దగ్గరికొచ్చి, వరప్రసాదం పిడికిలి పట్టుకుని వేళ్ళు ఎలా మడిచేడో ఒక్కొక్కటే చూసేవారు. ఎంత గట్టి తనిఖీ!

కాగితాల్లో రెండు బొమ్మలు వానకి తడిసి సిరా చెదిరిపోయేయి. అక్కడికి రాగానే ఓ రోజు వరప్రసాదం ఆగి, వెనక్కి తిరిగి, చేతులు కట్టుకు నిలబడ్డాడు.

పాక్ గారికి చెమట పట్టింది. ఆకాశం కేసి చూసేరు. కొబ్బరిచెట్ల కేసి చూసేరు. చివరికి గబుక్కున గోడకుర్చీ వేసినట్టు కూర్చుని, ఎడమ అరచేతిని కుడి మోచేత్తో ఫట్టుమని కొట్టి, వరప్రసాదం మొహంలోకి చూసేరు.

"ఆహా!" అని వరప్రసాదం చప్పట్లు కొట్టేడు. పాక్ గారికి కళ్ళు చెమర్చేయి. శిష్యుడికి అందిందంటే గురువుకి అంత సంతోషమా!

ఇంట్లో వరప్రసాదం భార్య సలోమి, హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు, రోజూ దెప్పేది. "రెండు నెలలైంది. ఆయనతో ఒక్క ముక్క మాట్లాడేరా?"

"విద్యకి మాటలెందుకే?"

"ఆయనకి ఇంగ్లీషొచ్చేమోనండి. ఓసారి నేనొస్తాను."

"పరీక్షయ్యేక రా తల్లీ. ఇప్పుడొచ్చి మా గురువుగారికి గ్రామరు చెప్పకు."

అమలాపురంలో పరీక్ష. పట్నం పెద్దలు ముగ్గురూ బల్ల వెనక కూర్చున్నారు.

"ఎవరు నేర్పేరు?" అన్నారు ఎకసెక్కంగా.

"కొరియా గురువుగారండి. మీరే కదండీ పట్టుకోమన్నారు."

ముగ్గురూ సర్దుకు కూర్చున్నారు. వరప్రసాదం మొదలెట్టేడు. ఎక్కడా ఆగలేదు. గోడకుర్చీ వేసినట్టు కూర్చుని మోచేత్తో ఫట్టుమనిపించగానే ఒకాయన గొణిగేడు.

"ఇది మన పుస్తకంలో లేదే?"

"కొరియాలో మార్చేరటయ్యా, నేను విన్నాను," అన్నాడు రెండో ఆయన. మూడో ఆయన అప్పటికే రాసేసుకుంటున్నాడు. అయిపోయేక ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"మాకూ ఓసారి చూపిస్తారా, మాస్టారూ?"

పొలం గట్లు పోయి మాస్టారొచ్చింది. చూపించేడు. ముగ్గురి చేతా ఫట్టుమనిపించేడు కూడా. పాసైన కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేడు. ఇరవైముగ్గురు పిల్లలూ ఆయన్ని భుజాల మీదకి ఎత్తేసేరు.

మర్నాడు పొద్దున్నే అరటిగెల భుజానేసుకుని, సలోమిని వెంటబెట్టుకుని తాటిపాక వెళ్ళేడు. పాక్ గారి పని అయిపోయింది, ఆ వారంలోనే ప్రయాణం. వరప్రసాదం కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయనా వంగేరు. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి.

పాక్ గారికి ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చును. తల తడుముకుంటూ సలోమికి ఏదో చెప్పడం మొదలెట్టేరు. వరప్రసాదం వైపు చూపిస్తారు, గుండె మీద చెయ్యేసుకుంటారు, మళ్ళీ చెబుతారు. సలోమి విని విని, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏవంటున్నారే? నా గురించేనా?"

"మీ గురించేనండి."

"తప్పులేమైనా చెబుతున్నారా? చెప్పు, దిద్దుకుంటాను!"

సలోమి ఊపిరి తీసుకుంది.

"మీ దగ్గర చేరి రెండు నెలలైందిట, తెల్లబెల్టు ఎప్పుడు కడతారని అడుగుతున్నారండి."