ఎక్కువైన అంబులెన్స్

రిటైరైన బస్సు డ్రైవరు ఇంట్లో దొంగలు పడ్డారు. పడినవాళ్లు ఏమీ పట్టుకుపోలేదు. ఒక అంబులెన్స్ పెట్టిపోయారు.

నిజం అంబులెన్స్ కాదు, జానెడు రేకు బొమ్మ. కడుపులో రెండు బ్యాటరీలు వేస్తే నెత్తిమీద ఎర్రదీపం వెలిగించుకుని, కుయ్యోమంటూ పరిగెడుతుంది. ఇలాంటి పాతకాలపు బ్యాటరీ బళ్లంటే డ్రైవరుకి ప్రాణం. ముందుగదిలో మెట్లవైపు కిటికీ దగ్గర్నుంచి వంటింటి తలుపుదాకా అరలు కొట్టించి ఫైరింజన్లు, జీపులు, రోడ్డురోలర్లు పేర్చాడు. మధ్యమధ్యలో రబ్బరు బుడగ హారన్లు, తుప్పు పట్టిన నంబరు ప్లేట్లు. ఇంటికొచ్చిన చుట్టం కూర్చోవాలంటే ముందు ట్రాఫిక్ క్లియర్ చెయ్యాలి.

ఆయన భార్య ముప్పై ఏళ్లు ఓర్చుకుంది. పంచదార డబ్బాలో ట్రాక్టరు దొరికిన రోజున ఆ ఓర్పు కాస్తా అయిపోయింది.

"నూట పదకొండు ఉన్నాయి. ఇంతే. నూట పన్నెండోది గడప దాటి లోపలికొచ్చిందంటే అన్నీ మూటగట్టి పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా" అంది.

ఆవిడ అన్నదంటే అన్నట్టే. పెళ్లయిన కొత్తలో గురక పెడితే మీసం తీసేస్తానంది. ఆయనకి ఆ వారం నుంచీ మీసం లేదు.

ప్రతి ఆదివారం కాఫీ తాగి, కొంగు దోపుకుని లెక్కపెట్టేది. ఈ ఆదివారం లెక్క నూట పన్నెండు తేలింది.

"నేను కొనలేదే. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టేసే ఆ రోడ్డురోలరు కూడా కొన్నారు. వారం టైమిస్తున్నా. దీన్ని తెచ్చి పెట్టిందెవరో చూపించండి. లేదంటే వచ్చే ఆదివారం మన గుమ్మంలోకి తోపుడుబండి వస్తుంది."

డ్రైవరు గుండెకి సడన్ బ్రేకు పడింది. పై వాటాలో పోలీసు ఇన్‌స్పెక్టరు కాపురం ఉంటున్నాడు. ఆయన డ్యూటీకి బయల్దేరి మెట్లు దిగుతుంటే డ్రైవరు అడ్డంపడ్డాడు.

"ఏం పోయింది బాబాయ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పోవడం కాదు సార్. వచ్చింది."

ఇంకొకడైతే పడీపడీ నవ్వేవాడు. ఈయన పెదవి కూడా కదపలేదు. జేబులోంచి పుస్తకం తీశాడు. "ఏం రంగు? బ్యాటరీలు లావువా, సన్నవా? చక్రాలకి రబ్బరుందా, ఊడిందా?" హత్య కేసులో కూడా ఇన్ని ప్రశ్నలు అడిగి ఉండడు.

డ్రైవరు గొంతు తగ్గించాడు. "నాదో అనుమానం సార్. ఇది దానంతటదే నడుచుకుంటూ వచ్చేసిందేమో."

"పరీక్ష చేద్దాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కొత్త బ్యాటరీలు వేసి అంబులెన్సుని మెట్ల దగ్గర వదిలారు. అది కుయ్యోమంటూ పోయి గడపకి కొట్టుకుని వెనక్కి తిరిగింది. ఇన్‌స్పెక్టరు బూటుకి కొట్టుకుని మళ్లీ గడప మీదికి పోయింది. బ్యాటరీలు చచ్చేదాకా ముప్పావుగంట ఇదే వరస. ఇన్‌స్పెక్టరు యూనిఫారంతో బోర్లా పడుకుని కన్నార్పకుండా చూసి, లేచి, దుమ్ము దులుపుకుని, "గడప ఎక్కలేకపోయింది. మనిషి చెయ్యి ఉంది" అని రాసుకున్నాడు.

అనుమానమంతా వీధి చివరి వాచీల మెకానిక్ మీదికి పోయింది. అతనికీ ఈ బళ్ల పిచ్చే. డ్రైవరు బళ్లు పాత సామాన్లవాడి దగ్గరికి చేరితే ఏరుకోవచ్చని కాచుక్కూచున్నాడని వీధిలో చెప్పుకునేవాళ్లు. ఇన్‌స్పెక్టరు అతన్ని పిలిపించి రెండు గంటలు నిలబెట్టాడు.

"వాటిని చూస్తే నాకు నోరూరే మాట నిజమే సార్. ఊరితే ఒకటి ఎత్తుకుపోతా గానీ, నాది తెచ్చి ఆయనకెందుకు పెడతా?"

"దొరికినవాళ్లంతా ఇదే మాటంటారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కానీ రుజువు దొరకలేదు. ఆదివారం తెల్లారింది. చెప్పినట్టే తోపుడుబండి గుమ్మంలోకొచ్చింది. డ్రైవరు రోడ్డురోలరుని పొట్టకి కరుచుకుని గోడకి ఆనుకున్నాడు. అప్పుడు దిగాడు ఇన్‌స్పెక్టరు.

"పిన్నిగారూ, ఇవన్నీ సాక్ష్యాలు. కేసు తేలేదాకా ఒక్క బండి కూడా గడప దాటడానికి వీల్లేదు. దాటిందంటే నేను మీమీద కేసు రాయాల్సొస్తుంది."

తోపుడుబండి వెనక్కి తిరిగిపోయింది. డ్రైవరు ఇన్‌స్పెక్టరు కాళ్లమీద పడబోతే, ఆ కాళ్ల దగ్గర ఒక పాలవ్యాను కనిపించింది. లెక్కలో లేనిది. నూట పదమూడు.

అక్కడ్నుంచి కేసు ముదిరింది. బుధవారానికి క్రేను, శుక్రవారానికి రెండు టాక్సీలు. ఇన్‌స్పెక్టరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దిగి, వేలిముద్రలంటూ ఒక్కొక్క బండినీ మెత్తటి గుడ్డతో తుడిచి, తలపంకించి పోయేవాడు. నెల తిరిగేసరికి లెక్క నూట అరవై దాటింది. స్టవ్ మీద ఫైరింజను, మంచం కాళ్ల దగ్గర బస్సు డిపో. ఆవిడ కాళ్లు ముడుచుకుని పడుకునేది. ఆయన మాత్రం, ఆ దొంగ ఈ జన్మకి దొరక్కూడదని మొక్కుకుని హాయిగా నిద్రపోయేవాడు.

ఇక తట్టుకోలేక ఒకరోజు ఆవిడ పై వాటాకి వెళ్లింది. ఇన్‌స్పెక్టరు పెళ్లాం కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ముందుగది అద్దంలా ఉంది. కాళ్లు బారజాపుకుని కూర్చునేసరికి ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

"అమ్మాయ్, ఆ దొంగనేదో త్వరగా పట్టుకోమని మీ ఆయనకి నువ్వైనా చెప్పవే. నీ ఇల్లు చూడు, ఎంత చోటుందో. అదృష్టవంతురాలివి."

"ఏం అదృష్టం పిన్నిగారూ, మొన్నమొన్నటిదాకా ఇక్కడా కాలుపెట్టే సందుండేది కాదు" అంది ఆ అమ్మాయి కాఫీ గ్లాసు అందిస్తూ. "ఈ రేకు బళ్లన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అని తెగేసి చెప్పా, పాపం అప్పట్నుంచీ మెట్లు దిగినప్పుడల్లా ఒకటి పట్టుకెళ్లి ఎక్కడో వదిలించుకొచ్చేస్తున్నారు."